డ్యూయెట్టులో లేని పదహారు మెట్లు

నీలం సముద్రం, తెల్లటి ఇసుక, నీటిమీదికి వంగిన కొబ్బరిచెట్టు. దానికి ఆనుకుని హీరో. పల్లవికీ చరణానికీ మధ్య నాలుగు చీరలు మార్చి పరుగెత్తే హీరోయిను! మారిషస్ అనగానే సినిమా చూసే మనలాంటివాళ్ళ కళ్ళముందు తిరిగే రీలు ఇదే. 1983లో సావన్ కుమార్, రాజేష్ ఖన్నానీ టీనా మునీమ్‌నీ తీసుకెళ్ళి "సౌతెన్" తీసిన దగ్గర్నుంచీ ఆ దీవి మన జనానికి పాటల దీవి అయిపోయింది. నిర్మాతకు అవుట్‌డోరు, కొత్త దంపతులకు హనీమూను, మిగిలినవాళ్ళకు హాల్లో అయిదు నిమిషాల చల్లగాలి!

నేనూ ఆ రీలు తలలో పెట్టుకునే ఓడ ఎక్కాను.

ఓడ అన్నానుగానీ అది ఓడలా లేదు. పన్నెండంతస్తుల హోటలుకు అడుగున ఇంజను బిగించి సముద్రంలోకి తోసినట్టుంది. పైన ఈతకొలను, కింద నాటకశాల, మధ్యలో రోజంతా తెరిచివుండే భోజనశాల. ప్రయాణీకుల్లో సగంమందికి పైగా ఫ్రెంచివాళ్ళు. పొద్దున్న లేచి ఎండలో పడుకుంటారు, సాయంత్రం లేచి సూటు వేసుకుంటారు. అన్నం అడిగితే పెడతారు. ఆవకాయ అడిగితే నవ్వుతారు.

ఆ భోజనశాలలో ప్లేట్లు తీసే కుర్రాడు ఒకడు రెండోరోజే నన్ను పట్టేశాడు. శ్రీకాకుళం వైపు అబ్బాయి. తొమ్మిది నెలల కాంట్రాక్టు. ఇంకా నాలుగు నెలలుందట ఇంటికెళ్ళడానికి. "రేపు పోర్ట్ లూయీ సార్. నాకు డ్యూటీ వుంది, దిగడానికి లేదు. అక్కడ మనోళ్ళున్నారంట కదా, పాతకాలం వాళ్ళు. ఓసారి కనుక్కోండి సార్, మన మాట వస్తుందో రాదో" అన్నాడు.

నిజం చెప్తున్నా, అప్పటిదాకా నా ప్రోగ్రాములో మనోళ్ళు లేరు. ఇసుక వుంది, కొబ్బరిచెట్టు వుంది.

రీయూనియన్ దీవిలో సాయంత్రం లంగరెత్తితే తెల్లారేసరికి మారిషస్. పోర్ట్ లూయీ రేవును ఓడ డెక్కుమీంచి చూడాలండీ! ఊరి వెనకాల కొండలు గోడకట్టినట్టు నిలబడి వుంటాయి. బొటనవేలు ఎత్తి చూపినట్టు ఒక శిఖరం. దాని పేరే "ల పూస్", ఫ్రెంచిలో బొటనవేలు. ఆ పక్కన "పీటర్ బోత్". దాని నెత్తిమీద ఓ పెద్ద గుండ్రాయి, బిందె పెట్టుకున్న మనిషిలా. ఇప్పుడు పడుతుందా, ఇంకాసేపటికి పడుతుందా అనిపిస్తుంది. కొన్ని వందల ఏళ్ళుగా నావికులు చూస్తున్నారు, అది మాత్రం పడలేదు.

క్రూయిజు ప్రయాణంలో అసలు కిటుకు ఎక్కడుందో చెప్పనా? దేశం చూపించరు, దేశం రుచి చూపిస్తారు. ఉదయం ఎనిమిదింటికి దించుతారు, సాయంత్రం నాలుగున్నరకల్లా ఎక్కేయమంటారు. అయిదింటికి ఓడ కదులుతుంది. రానివాళ్ళకోసం ఆగదు. ఈ ఎనిమిదిన్నర గంటల్లో చూడ్డానికి ముందురోజే బస్సు టిక్కెట్లు అమ్ముతారు. షమరెల్‌లో ఏడురంగుల మట్టి ఒక బస్సు, తూర్పున ఇల్ ఒ సెర్ఫ్ ఇసుకదిబ్బ ఒక బస్సు, ఉత్తరాన గ్రాండ్ బే ఒక బస్సు. అంతా యూరోల్లోనే. బస్సెక్కితే గైడు జోకు వేస్తాడు, దిగితే ఫోటో తీస్తాడు, మళ్ళీ ఎక్కితే ఆ ఫోటో అమ్ముతాడు.

కుర్రాడి మాట చెవిలో వుండిపోయింది కాబోలు, నేను బస్సెక్కలేదు. నడిచాను.

రేవు ఒడ్డున 1996లో కట్టిన కోడాన్ వాటర్‌ఫ్రంట్ వుంది. దుకాణాలు, హోటళ్ళు, సినిమా హాళ్ళు. అక్కడే బ్లూ పెన్నీ మ్యూజియం. అందులో 1847లో మారిషస్‌లో అచ్చయిన రెండు తపాలా బిళ్ళలున్నాయి, ఒకటి నారింజ రంగు, ఒకటి నీలం. ప్రపంచంలో స్టాంపులు పోగుచేసేవాళ్ళంతా కలలుగనే బిళ్ళలు. వెలుతురు తగిలితే రంగు పోతుందని గంటలో కొద్ది నిమిషాలే అసలు బిళ్ళల మీద దీపం వేస్తారు. మిగతా సమయమంతా నకళ్ళు చూడాల్సిందే. దీపం వెలిగే వేళకు మా ఓడవాళ్ళంతా అక్కడ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. స్టార్ హీరో కారు దిగుతున్నప్పుడు మన థియేటరు ముందు నిలబడతామే, అచ్చం అలాగే!

మార్కెట్టు మాత్రం నాకు బాగా నచ్చింది. అక్కడి "ధోల్ పురి" అంటే శనగపప్పు కూరిన పల్చటి రొట్టె. రెండు రొట్టెలమధ్య చిక్కుడుగింజల కూర, పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. "గాతో పిమా" అని ఒక తినుబండారం. ఫ్రెంచిలో దానర్థం మిరపకాయ కేకు. నోట్లో పెట్టుకున్నానో లేదో నవ్వొచ్చింది. అది మన మసాలావడే! చిన్నచిన్న వుండలుగా చేసి, ఫ్రెంచి పేరు తగిలించుకుని పెద్దమనిషిలా కూర్చుంది. పైన సబ్జాగింజలు తేలే చల్లటి పాలు, వాళ్ళ భాషలో "అలూదా", మన ఫలూదాకు తోబుట్టువు. ఒక దేశం గురించి పుస్తకాల్లో రాసిందానికన్నా దాని బజ్జీల బండి ఎక్కువ చెప్తుందని నా అభిప్రాయం.

మార్కెట్టునుంచి నాలుగడుగులు వేస్తే, రోడ్డుకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఒక పాత రాతి ఆవరణ. పేరు ఆప్రవాసీ ఘాట్. టిక్కెట్టు లేదు. లైనూ లేదు. మా ఓడనుంచి వచ్చినవాళ్ళు నాకక్కడ ఒక్కరూ కనిపించలేదు.

అక్కడే వున్నాయి ఆ మెట్లు. పదహారు.

చూడ్డానికి ఏమీ వుండదు. మన ఊళ్ళో చెరువుగట్టు మెట్లు ఇంతకన్నా బాగుంటాయి. నల్లరాతి మెట్లు, అంచులు అరిగిపోయినవి. ఒకప్పుడు వీటి అడుగున అలలు తగిలేవి. పడవల్లోంచి దిగినవాళ్ళు తడికాళ్ళతో ఈ మెట్లెక్కి పైకి వచ్చేవారు. పైన వాళ్ళను లెక్కపెట్టేవారు.

సంగతేమిటంటే, 1835లో మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరుకుతోటల దొరలకు పనివాళ్ళు కావాలి. బ్రిటిషువాళ్ళు చూపు మనదేశం మీద వేశారు. అంతకు ముందే, 1834 నవంబరు 2న, కలకత్తానుంచి "అట్లాస్" అనే ఓడ 36 మంది కూలీలను తెచ్చి ఇక్కడ దింపింది. అది మొదలు. 1920 దాకా దాదాపు అయిదు లక్షలమంది వచ్చారు. కొందర్ని ఇక్కడినుంచే మళ్ళీ ఓడలు మార్చి రీయూనియన్‌కూ, ఆఫ్రికాకూ, కరీబియన్ దీవులకూ పంపారు. అయిదేళ్ళ ఒప్పందం. నెలకు అయిదు రూపాయల జీతం, పైన బియ్యం, పప్పు, ఉప్పు. ఒకరోజు పనికి రాకపోతే రెండురోజుల జీతం కోత! దానికి "డబల్ కట్" అని పేరుకూడా పెట్టుకున్నారు. 1860లనుంచి కూలీల ఫోటోలు తీసి పాసులకు అతికించారు, పారిపోతే పట్టుకోవడానికి.

ఆ ఫోటోలు కొన్ని పక్కనే వున్న ప్రదర్శనశాలలో చూశాను. వాటి ముందు చాలాసేపు నిలబడ్డాను. మనం స్టూడియోకు వెళ్తే ఫోటోగ్రాఫరు "కొంచెం నవ్వండి" అంటాడు. ఈ ఫోటోల్లో ఎవరికీ ఎవరూ ఆ మాట చెప్పలేదు. కెమెరా అంటే ఏమిటో తెలియని కళ్ళు సూటిగా లెన్సులోకి చూస్తున్నాయి. ఎన్నో వేల స్టిల్సు చూసినవాణ్ణి, అలాంటి క్లోజప్పులు నేను చూడలేదు.

ఈ ఆవరణలో చాలా భాగం పోయింది. ఆనుకుని పెద్ద రోడ్డు వేశారు. మిగిలిన వంటశాల గోడలు, ఆసుపత్రి గది, ఈ మెట్లు కలిపి 2006లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. ఏటా నవంబరు 2 ఆ దేశంలో సెలవు.

ఇందులో మనోళ్ళెక్కడ అంటారా? కాకినాడ పక్కన కోరంగి తెలుసుకదా, మడ అడవులు చూడ్డానికి వెళ్తాం. అది ఒకనాడు పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు. 1839 తుపాను దాన్ని తుడిచిపెట్టేసింది. ఊరు పోయినా పేరు మాత్రం సముద్రం దాటింది. మారిషస్‌లో పాతరోజుల్లో తెలుగువాళ్ళను "కొరింగీ"లనేవారు. బర్మాలోనూ అంతే. ఆ రేవు పేరే వాళ్ళ జాతి పేరైపోయింది. కోరంగినుంచీ, విశాఖనుంచీ, మద్రాసునుంచీ వెళ్ళినవాళ్ళకు ప్రయాణం నెలపైమాటే. మా ఓడలో ఈతకొలను నీళ్ళు ఉప్పగా వున్నాయని ఒకావిడ ఫిర్యాదు చేసింది. వాళ్ళకు తాగడానికే కొలిచి పోసేవారు.

ఈ రేవులో ఇంకో ప్రయాణీకుడు కూడా దిగాడు. 1901లో దక్షిణాఫ్రికానుంచి ఇంటికొస్తూ గాంధీగారు. ఓడ ఆగిందని దిగి, కొద్దివారాలు వుండి, మనవాళ్ళకు పిల్లల్ని చదివించమనీ, రాజకీయాల్లోకి రమ్మనీ చెప్పి వెళ్ళారు. ఓడ ఆగిన సమయాన్ని అంతకన్నా బాగా వాడుకున్న టూరిస్టు నాకు తెలిసి లేడు.

ఘాట్ బయటికి వచ్చి టాక్సీ ఎక్కాను. అప్పటికి పదకొండు దాటింది. డ్రైవరుకు యాభై ఏళ్ళుంటాయి. అద్దం కింద వేలాడుతున్న లైసెన్సు కార్డుమీద ఇంటిపేరు చదివాను. పేరు రాయను, రాయడం మర్యాద కాదు. కానీ ఇంగ్లీషు స్పెల్లింగులోంచి, ఫ్రెంచి ఉచ్చారణలోంచి కూడా సింహాచలం అప్పన్న తొంగి చూస్తున్నాడు!

"మీరు తెలుగువారా?" అన్నాను, తెలుగులోనే.

ఆయన బండి పక్కకు తీసి ఆపాడు. వెనక్కు తిరిగాడు. ఇంగ్లీషులో అన్నాడు. "తెలుగే. కానీ తెలుగు రాదు. అమ్మ, నాన్న, అన్నం, నీళ్ళు, గోవిందా. ఇంతే వచ్చు."

ఇంట్లో మాట్లాడేది క్రియోల్. బళ్ళో ఇంగ్లీషు, ఫ్రెంచి. నాయనమ్మకు తెలుగు వచ్చేదట. ఆవిడ పోయాక ఇంట్లో ఆ భాషలో మాట్లాడుకునే ఇద్దరు మిగల్లేదు. ఒక భాషకు కనీసం ఇద్దరు కావాలిగదా.

అలాగని వాళ్ళు మరిచిపోయి కూర్చోలేదు. మారిషస్‌లో ఉగాది దేశమంతటికీ సెలవు. హైదరాబాదులో ఉగాది రోజు ఆఫీసుకెళ్ళిన రోజులు నాకు గుర్తున్నాయి! అక్కడ బళ్ళల్లో తెలుగు నేర్పుతారు, రేడియోలో టీవీలో తెలుగు కార్యక్రమాలొస్తాయి. రామభజన చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది అక్కడే. ఫ్రెంచిలో రాసే నవలాకారిణి నతాషా అప్పానా తెలుగు కుటుంబంలో పుట్టినావిడే. 2003లో వచ్చిన ఆవిడ మొదటి నవల ఈ కూలీ ఓడల గురించే.

ఆయన నన్ను ఊరవతల ఒక తెలుగు గుడికి తీసుకెళ్ళాడు. గోపురం కింద తెలుగు అక్షరాలు. ఎంత గుండ్రంగా, శ్రద్ధగా రాశారో! లోపల భజన పుస్తకాలున్నాయి. తెరిచి చూద్దునుకదా, తెలుగు పాటలు ఇంగ్లీషు లిపిలో. అర్థం తెలియదు, అక్షరం రాదు, కానీ స్వరం తప్పదట. శనివారం శనివారం పాడతారట. అర్థం తెలిసిన మనం ఎన్ని శనివారాలు పాడుతున్నాం?

"మీ పిల్లలకు తెలుగెలా వస్తుంది మరి?" అని అడిగాను.

"సినిమా" అన్నాడు.

ఇక్కడ మీరంతా కాలరెగరేయచ్చు! వాళ్ళమ్మాయికి పదిహేడేళ్ళు. "బాహుబలి" కింద అక్షరాలు చదువుకుంటూ చూసిందట. తర్వాత ఆ అక్షరాలు చూడకుండా వినడం మొదలుపెట్టిందట. 2023 మార్చి 12న లాస్ ఏంజలెస్‌లో "నాటు నాటు"కు ఆస్కారు వచ్చింది గుర్తుందా? మార్చి 12 మారిషస్‌కు స్వాతంత్ర్య దినం, 1968 నుంచీ. వాళ్ళ గడియారం ప్రకారం అప్పటికి 13 ఉదయం అయిపోయింది. "జెండా పండగ అలసటలో నిద్రపోతున్నాం. మా అమ్మాయి అరుపుకు వీధంతా లేచింది" అన్నాడు ఆయన. ఆ పిల్లకు హీరో ఎవరయినా ఒకటే. స్టెప్పులు కూడా తర్వాత సంగతి. ముత్తాతకు తాత మాట్లాడిన మాట హాల్లో అంత పెద్దగా వినబడుతోంది, అదీ ఆ పిల్ల ఆనందం.

ఇది విన్నాక మన పాటల రీలు మళ్ళీ తలలో తిరిగింది. నాకు కొంచెం కోపం వచ్చిందనే చెప్పాలి. మారిషస్‌లో తీశామని చెప్పుకున్న పాటలు నేను చూసినన్నిట్లో ఇసుక వుంది, పడవ వుంది, వెనకాల తెల్లతోలు డాన్సర్లున్నారు. ఆ దీవిలో జనాభా మూడింట రెండువంతులు మనదేశంనుంచి వెళ్ళినవాళ్ళ సంతతే. ఫ్రేములోకి వాళ్ళు రాకుండా కెమెరా పెట్టడానికి మన ఛాయాగ్రాహకులు ఎంత కష్టపడి వుండాలి! నిర్మాతలు అక్కడికి వెళ్ళడం ఖర్చులు కలిసొస్తాయనో, సముద్రం బాగుంటుందనో. తప్పనను. కానీ అదే ఒడ్డున కథ పడివుంది కదండీ. ఓడ వుంది, తుపాను వుంది, మోసపోయిన పల్లెటూరి కుర్రాడున్నాడు, దొర వున్నాడు, జీతం కోత వుంది, రేవులో విడిపోయిన భార్యాభర్తలున్నారు. మన రచయితలు హోటలు గదుల్లో వెతుకుతున్నది ఇదేగా? అయితే నాకో భయం కూడా వుంది. ఇది చదివి ఎవరైనా వెళ్తే, ఆ పదహారు మెట్లమీద గ్రూపు డాన్సు పెట్టినా పెడతారు!

తిరుగుదారిలో ఆయన డాష్‌బోర్డులోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చాడు. అందులో ఒక కాగితం. మోకాలో వున్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ కూలీల రికార్డులన్నీ భద్రంగా వున్నాయి. వెళ్ళి అడిగితే వెతికి నకలు ఇస్తారు. ఆయన ముత్తాత తాలూకు కాగితం అది. నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీద మచ్చ. జిల్లా: విజగపటం. ఆ తర్వాత గ్రామం.

గ్రామం పేరు రాసిన గుమాస్తాకు మన భాష రాదు. చెప్పిన కూలీకి వాళ్ళ భాష రాదు. ఇద్దరిమధ్యా ఆ ఊరు నలిగిపోయింది. మొదటి రెండు అక్షరాలు ఏమైనా కావచ్చు. చివర మాత్రం "పిల్లీ" అని వుంది.

"ఇది ఎక్కడుందో చెప్పగలరా?" అన్నాడు. అడిగేటప్పుడు నా వైపు చూడలేదు, రోడ్డువైపే చూస్తున్నాడు. ఎంతమందిని అడిగివుంటాడో!

చెప్పలేను అన్నాను. అబద్ధం చెప్పి ఏదో ఒక ఊరు చూపించవచ్చు. కానీ ఆ మనిషి నిజంగానే డబ్బు కూడబెట్టుకుని విమానం ఎక్కి ఆ ఊరికి వస్తాడని నాకు తెలిసిపోతూనే వుంది. "అయితే ఇది పిల్లీ కాదు, పల్లి. పల్లి అంటే పల్లెటూరు. విజయనగరం, విశాఖ చుట్టుపక్కల ఆ చివరతో వందల ఊళ్ళున్నాయి. మీది అందులో ఒకటి" అన్నాను.

"పల్లి" అన్నాడు. ఆ "ల్లి" నోరు తిరగలేదు. ఇంకోసారి అన్నాడు. ఫోను తీసి నా నోటిముందు పెట్టి, "మీరనండి" అన్నాడు. అన్నాను. మూడుసార్లు అనిపించుకున్నాడు. "మా నాన్నకు ఎనభై రెండేళ్ళు. ఇన్నాళ్ళూ తప్పు చదివాం" అని ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆ కాగితాన్ని ఫోటో తీసుకున్నాను. విజయనగరంలో పాత రెవెన్యూ రికార్డులు చూసే మిత్రుడొకరున్నారు, ఆయనకు పంపాను. ఇప్పటికి నాలుగు పేర్లు జాబితాలో చేరాయి. వెతుకుతున్నాం.

రేవు గేటు దగ్గరికి వచ్చేసరికి నాలుగుంబావు. మీటరు లేదు, ముందే మాట్లాడుకున్న బేరం. తెలుగువాణ్ణని ఒక్క రూపాయి తగ్గించలేదు, నాకది నచ్చింది. డబ్బు లెక్కపెట్టుకుని, "ఇంకొక్క ప్రశ్న. మా అమ్మాయి పంపింది" అని ఫోను చూపించాడు. సినిమా పాటల్లో విన్న మాటలట, అర్థాలు కావాలట. ఇంగ్లీషు అక్షరాల్లో పెద్ద జాబితా. వెన్నెల చెప్పాను. గోదారి చెప్పాను, నది పేరని. అలక చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది, దానికి ఇంగ్లీషులో మాట లేదు. తర్వాత "మరదలు".

"మేనమామ కూతురు" అన్నాను.

"అంటే కజిన్."

"కజినే. కానీ కజిన్ కాదు."

ఆయన కాసేపు ఆలోచించాడు. "మరి హీరో ఆవిడ వెంట అలా ఎందుకు పరుగెడుతున్నాడు?"

ఓడ కూత వేసింది. గేటు దగ్గర యూనిఫారం కుర్రాడు నన్ను చూసి చేతులూపుతున్నాడు. నేనింకా మేనరికం అంటే ఏమిటో మొదలే పెట్టలేదు.